అమ్మకు అనువదించని మాట

తుఫాను వస్తున్నదని తెలిసిన మరుక్షణం మా అమ్మ చింతపండు నానవేస్తుంది. దివిసీమలో పుట్టి, దివిసీమలోనే మెట్టిన మనిషి. దీపం ఆరిపోయినా, పొయ్యి తడిసిపోయినా పులిహోర రెండు రోజులు నిలుస్తుందన్నది ఆవిడకు ఎవరూ నేర్పనక్కరలేని పాఠం. 2018 ఆగస్టులో, స్వగ్రామానికి పన్నెండు వేల కిలోమీటర్ల దూరాన, పసిఫిక్ మహాసముద్రం నడుమనున్న హొనొలూలూ నగరంలో కూడా ఆవిడ ఆ పనే చేసింది.

మా చెల్లెలికి రెండో కాన్పు. సాయానికని అమ్మా, నేనూ వెళ్ళాము. చెల్లెలి కాపురం కైముకీ అనే పాత పేటలో. మేము వెళ్ళిన నెలరోజులకు, తూర్పు పసిఫిక్‌లో లేన్ అనే పెనుతుఫాను పుట్టి, చూస్తుండగానే అత్యంత తీవ్రస్థాయికి చేరుకున్నది. బడులకు సెలవిచ్చారు. దుకాణాల ముందు బారులు తీరారు. మంచినీళ్ళు, బ్యాటరీలు, బియ్యం, వీటితోపాటు ప్రతివారి బండిలోనూ నీలిరంగు రేకు డబ్బాలు. స్పామ్ అని వాటి పేరు. ఈ కాలంలో ఆ మాట వింటే మనకు పనికిమాలిన ఉత్తరాలే గుర్తుకు వస్తాయి. నిజానికి ఆ ఉత్తరాలకు ఆ పేరు ఈ డబ్బా నుంచే సంక్రమించింది. 1970లో బ్రిటిషు టెలివిజన్‌లో వచ్చిన ఒక హాస్యనాటికలో, హోటలుకు వెళ్ళినవాళ్ళకు ఏ పదార్థం అడిగినా స్పామ్ తప్పనిసరిగా వచ్చి పడుతుంది. వద్దన్నా వచ్చి పడేదానికి ఆ పేరు స్థిరపడిపోయింది. హవాయిలో మాత్రం దాన్ని వద్దనేవారు బహు అరుదు. పద్నాలుగు లక్షల జనాభాగల ఆ రాష్ట్రంలో ఏటా సుమారు 70 లక్షల డబ్బాలు చెల్లుతాయని ప్రతీతి. 2017లో హొనొలూలూ దుకాణాలవారు దొంగల బెడదకు తాళలేక ఆ డబ్బాలను ప్లాస్టిక్ పెట్టెలలో పెట్టి తాళం వేయవలసి వచ్చింది!

మా చెల్లెలు కూడా నాలుగు డబ్బాలు కొన్నది. కొని, బట్టలుతికే సబ్బుపొడి పెట్టె వెనుక దాచింది. నేను చూశాను. నేను చూశానని అది చూసింది. ఇద్దరమూ ఏమీ మాట్లాడుకోలేదు. మాది మాంసం ముట్టని ఇల్లు. అమ్మ దృష్టిలో చెల్లెలు పదేళ్ళుగా ఆ దేశంలో అన్నమూ పప్పూ తిని బతుకుతున్నది.

చెల్లెలి పక్కింట్లో డెబ్బై ఎనిమిదేళ్ళ జపనీయ వనిత ఒక్కతే ఉండేది. ఆవిడ తాతలనాడే చెరుకుతోటల కూలికి వచ్చి స్థిరపడిన కుటుంబం. మా చెల్లెలి కొడుకు, ఎనిమిదేళ్ళవాడు, ఆవిడను ఆంటీ అని పిలిచేవాడు. హవాయిలో పెద్దవయసు ఆడవారందరూ ఆంటీలే. ఈ విషయంలో మన కాలనీలకూ ఆ దీవులకూ భేదం లేదు. ఆవిడది ఒంటిపలక గోడల పాత చెక్క ఇల్లు, కిటికీలన్నీ అద్దపు రెక్కలు. గాలి గట్టిగా వీస్తే నిలవదని చెల్లెలు పట్టుబట్టి ఆ రాత్రికి మా దగ్గరికి రమ్మన్నది. సాయంత్రం నాలుగు గంటలవేళ ఆవిడ వచ్చింది. చంకలో అన్నం వండే విద్యుత్పాత్ర, చేతిసంచిలో రెండు నీలి డబ్బాలు, ఒక పెనం, చిన్న గాజుపెట్టె వంటి ప్లాస్టిక్ అచ్చు. ‘కరెంటు పోకముందే ముసుబి చేసేయాలి’ అంటూ తిన్నగా వంటింట్లోకి నడిచింది. అక్కడ పొయ్యి దగ్గర అమ్మ పులిహోరకు పోపు వేయిస్తున్నది.

ఒకరి భాష మరొకరికి రాని ఇద్దరు వృద్ధురాళ్ళ నడుమ నన్ను నిలబెట్టారు. అనువాదం నా వృత్తి. ఆంగ్ల సాహిత్యంలో పట్టా పుచ్చుకొని ఎందరెందరి పుస్తకాలనో తెలుగులోకి తెచ్చినదాన్ని. మూలంలో ఉన్నది వదలరాదు, లేనిది చేర్చరాదు అని కొత్తగా వచ్చే పిల్లలకు హితవు చెప్పేదాన్ని కూడా. వంటింటి సంభాషణ నాకొక లెక్కా అనుకున్నాను.

ఆంటీ బియ్యం కడిగే తీరు చూసి అమ్మ ముచ్చటపడింది. నీళ్ళు తేటబడేదాకా ఐదుసార్లు కడిగింది. పొట్టిగా, గుండ్రంగా ఉండే గింజ. ఉడికితే ఒకదానినొకటి అంటిపెట్టుకుంటుంది. మన సన్నబియ్యం పొడిపొడిగా రావాలని మనం కోరుకుంటాము. ఆ వంటకు అంటుకోవడమే గుణం. అన్నం ఉడుకుతుండగా ఆంటీ తన సంచిలోనుంచి నల్లని కాగితాల దొంతర తీసింది. ‘అదేమిటో అడుగు’ అన్నది అమ్మ. అడిగి చెప్పాను: నోరీ, సముద్రపు నాచును కాగితంలాగా పరచి ఆరబెడతారు. అమ్మ ముక్కుమీద వేలు వేసుకున్నది. ‘మా చెరువు నిండా ఉండేది. ఇన్నాళ్ళూ ఊరికే తీసి గట్టున పారేశాము’ అన్నది. ఆ మాట ఆంటీకి చెబితే పొట్ట పట్టుకొని నవ్వింది. ఈ నాచు గురించి నాకు తెలిసిన ముచ్చట ఒకటి ఉన్నది, చెప్పకుండా ఉండలేను. దాని జీవితచక్రంలోని రహస్యాన్ని 1949లో కనుగొన్నది కాథ్లీన్ డ్రూ-బేకర్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త. ఆవిడ జపాను ముఖం ఎన్నడూ చూడలేదు. ఆ జ్ఞానంతోనే అక్కడి నాచు సేద్యం నిలదొక్కుకున్నది. అందుకు కృతజ్ఞతగా కుమమొతో ప్రాంతంలోని ఉతో పట్టణంలో ఏటేటా ఏప్రిల్ 14న ఆవిడను స్మరించుకుంటారు.

అప్పుడు ఆంటీ డబ్బా మూత లాగింది. గులాబిరంగు ముద్ద ఒకటి, డబ్బా ఆకారంలోనే, చప్పుడు చేస్తూ పలకమీదికి జారింది. దాన్ని ఎనిమిది బిళ్ళలుగా కోసింది. తన పెనం మీద, నూనె చుక్క వేయకుండా పరిచింది. దాని కొవ్వే దానికి నూనె.

‘అదేమిటో అడుగు’ అన్నది అమ్మ మళ్ళీ.

అడిగాను. ఆంటీ తల ఎత్తకుండానే చెప్పింది. పంది మాంసం, ఉప్పు, పంచదార, కాస్త బంగాళాదుంప పిండి అని, ఒక్కొక్కటీ విడివిడిగా, బడిపిల్లకు చెప్పినట్లు. వాకిలి దగ్గర పసిదాన్ని ఎత్తుకొని నిలబడ్డ చెల్లెలు నా ముఖంలోకి చూసింది. దాని కళ్ళలోని అభ్యర్థన నాకు అర్థం కాకపోలేదు. అమ్మ గరిటె చేతబట్టుకొని నా జవాబు కోసం ఎదురుచూస్తున్నది.

‘ఏదో డబ్బాలో వస్తుందటమ్మా. కారఖానాలో చేస్తారట. ఆవిడకూ సరిగ్గా తెలియదట’ అన్నాను.

ఒక్క మాట వదిలేశాను, ఒక మాట చేర్చాను. నా వృత్తిధర్మం రెండు విధాలా భగ్నమైంది. అమ్మ ‘ఊఁ’ అని మళ్ళీ పోపు వైపు తిరిగింది.

ఆంటీ పని సాగుతూనే ఉన్నది. బిళ్ళల రెండు వైపులా ఎర్రబడ్డాక, సోయా రసంలో పంచదార కలిపి పెనం మీద పోసింది. అది బుసబుసమని పొంగి, నిమిషంలో పాకమై, ప్రతి బిళ్ళకూ తేనెపూతలాగా అంటుకొని మెరిసింది. ఇల్లంతా కమ్ముకున్న ఆ వాసనలో మా ఇంగువ పోపు వాసన ఒక మూలకు ఒదిగిపోయింది. ఆ వాసన నాకు కంపరం కలిగించి ఉంటే ఈ వ్యాసంలో సగం రాయనక్కర లేకపోయేది. కలిగించలేదు. అచ్చును నీళ్ళలో ముంచి, పట్టీగా కత్తిరించిన నాచు మీద నిలబెట్టి, అన్నం నింపి, పైన బిళ్ళ పెట్టి, పీటలాంటి మూతతో అదిమి, అచ్చును పైకి లాగి, నాచు రెండు కొసలనూ తడివేలితో అతికించింది. పుస్తకానికి అట్ట వేసినంత నేర్పుగా ఉన్నది. అరచేతిలో పట్టే ఇటుక తయారయింది. వేడి తగ్గాక పలుచని ప్లాస్టిక్ పొరలో చుట్టి, పక్కన పేర్చింది. ఫ్రిజ్‌లో పెట్టకూడదట. అన్నం గట్టిపడి రుచి చచ్చిపోతుందట. ఆ పూటకు, మహా అయితే మరునాటి ఉదయానికి తినేయాలి. జేబులో వేసుకొని పొలానికో, సముద్రానికో పోవచ్చు. చెంచా అక్కరలేదు, కంచం అక్కరలేదు.

ముసుబి అంటే ఏమిటని అడిగాను, వృత్తిగతమైన చాపల్యంతో. ముడివేయడం, కట్టడం అనే అర్థంగల క్రియనుంచి వచ్చిందని చెప్పింది. నేను ఉలిక్కిపడ్డాను. మనమూ అన్నాన్ని ‘కడతాము’ కదా! సద్ది కట్టడం, క్యారేజీ కట్టడం, దారిబత్తెం మూటకట్టడం. ప్రయాణమయ్యేవాడి చేతికి అన్నం ఇచ్చేటప్పుడు రెండు జాతులకూ ఒకటే క్రియ తోచింది. రోజులతరబడి నిఘంటువులు తిరగేసినా దొరకని సమానార్థకం ఆ వంటింట్లో అయాచితంగా దొరికింది. అమ్మకు ఇది చెప్పాను. ‘మరే’ అన్నది, ఇందులో వింతేమున్నదన్నట్లు.

రాత్రి గాలి మొదలయింది. కిటికీలకు అడ్డంగా పరుపులు పెట్టి అందరమూ నడిమి గదిలో కూర్చున్నాము. కరెంటు పోలేదు గాని, పోతుందనే భయంతో దీపాలు తగ్గించాము. పిల్లవాడిని నిద్రపుచ్చడానికి ఆంటీ తన చిన్ననాటి సంగతులు చెప్పింది. నేను అమ్మకు వినిపిస్తూ వచ్చాను.

హవాయికి జపాను కూలీల మొదటి ఓడ 1868లో వచ్చింది. 1885 నుంచి ప్రభుత్వ ఒప్పందాల మీద వేలాదిగా వచ్చారు. ఆవిడ నాయనమ్మ చెరుకు ఆకు దూసే కూలి. మధ్యాహ్నం తోటలో డబ్బా విప్పితే అందులో అన్నపు ఉండ, ఉండ నడుమ ఉప్పులో ఊరిన పుల్లని పండు, అంతే. పక్కన ఫిలిప్పీను కూలీ, పోర్చుగీసు కూలీ, కొరియా కూలీ తమ తమ డబ్బాలు విప్పేవారు. ఒకరిది ఒకరు రుచి చూసేవారు. ఒకరి మాటలు ఒకరు అరువు తెచ్చుకునేవారు. ఇప్పటికీ ఆ దీవులలో వినవచ్చే కలగాపులగపు ఇంగ్లీషు ఆ తోటలలోనే పెరిగింది. ఆవిడ తండ్రి చెరుకు వదిలి చేపలవేటకు మళ్ళాడు. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద జపాను బాంబులు వేసింది. మరునాటినుంచి జపనీయుల పడవలు సముద్రం మీదికి పోరాదన్నారు. సైనిక శాసనం 1944 దాకా నడిచింది. కళ్ళెదుట సముద్రం, అందులో చేపలు, పట్టడానికి వీల్లేదు. సైన్యం కోసం ఓడలమీద వచ్చేవి ఈ మాంసపు డబ్బాలు. అమెరికాలోని మినెసోటా రాష్ట్రంలో ఆస్టిన్ అనే ఊళ్ళో హోర్మెల్ కంపెనీవారు 1937లో మొదలుపెట్టిన సరుకు. చెడదు, చవక, మంచుపెట్టె అక్కరలేదు. అమెరికా తీరానికి మూడువేల ఎనిమిది వందల కిలోమీటర్ల దూరంలో ఉండి, తిండికి ఓడల దారి చూసే దీవులకు అంతకంటే ఏం కావాలి? చేప ఉండవలసిన చోట డబ్బా వచ్చి కూర్చున్నది. ‘మా అమ్మ మొదట ఏడ్చింది. తరువాత పాకం పట్టడం నేర్చుకున్నది’ అని చెప్పి ఆంటీ నవ్వింది.

ఉండ పోయి ఇటుక ఆకారం రావడానికి మాత్రం ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. అన్నం మీద బిళ్ళ పెట్టి నాచు చుట్టి అమ్మిన తొలివారిగా హొనొలూలూలో మిత్సుకో కనెషిరో పేరు, కవాయి దీవిలో బార్బరా ఫునామురా పేరు చెబుతారు. రెండోవారి కథ 1980ల నాటిది. ఏ దీవివారు ఆ దీవి పక్షం. చెరుకుతోటలు మాత్రం లేవు. చివరిది, మావీ దీవిలోనిది, 2016లో మూతపడింది. తోటలు పోయినా తోట అన్నం మిగిలింది.

ఇదంతా అమ్మకు ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పాను, మాంసం అన్న చోటల్లా ‘డబ్బా పదార్థం’ అంటూ. చెప్పినకొద్దీ నా మాటలు నాకే డొల్లగా వినిపించాయి. చేపలు పోయి మాంసం వచ్చిన బాధ ఏమిటో తెలియకపోతే ఆవిడ తల్లి ఎందుకు ఏడ్చిందో వినేవారికి ఎలా తెలుస్తుంది? ఒక్క మాట దాచినందుకు కథ మొత్తం అబద్ధమవుతున్నది. అమ్మ ఏమీ అడగలేదు. చాలాసేపు గాలి చప్పుడు వింటూ కూర్చున్నది.

తెల్లవారేసరికి తుఫాను బలం తగ్గిపోయింది. ఆగ్నేయాన పెద్దదీవి మీద మీటరుకు పైగా వాన కురిసి ఊళ్ళు మునిగాయి గాని, మా మీదికి రాకుండానే లేన్ పడమరకు మళ్ళిపోయింది. మాకు మిగిలినది ఒక గంగాళం పులిహోర, పదహారు ముసుబిలు. పిల్లవాడు రెండూ పెట్టుకు తిన్నాడు. తిని ఊరుకోక, ఆంటీ అచ్చులో పులిహోర నింపి అదిమాడు. అచ్చు లాగగానే అది నేలమీద రాలిన పూలలాగా పొలపొలా విడిపోయింది. సన్నబియ్యం, పైన నూవులనూనె, ఇక అది ఎక్కడ అంటుకుంటుంది? ఆంటీ ఒక చిటికెడు నోట్లో వేసుకొని, కళ్ళు చికిలించి, ‘పులుపు! మా నాయనమ్మ పండులాగా!’ అన్నది.

చెల్లెలు స్నానానికి వెళ్ళినప్పుడు అమ్మ నన్ను పిలిచింది.

‘నిన్న నాకు అబద్ధం చెప్పావు కదే?’

నేను మాట్లాడలేదు.

‘వచ్చిన వారానికే సబ్బుపొడి వెనుక ఆ డబ్బా చూశాను. ఇదేమిట్రా అని పిల్లాణ్ణి అడిగాను. వాడికి తెలుగులో ఆ మాట రాలేదు. కాగితం తెచ్చి బొమ్మ గీసి చూపించాడు. తోక కూడా వంకర తిప్పి మరీ గీశాడు.’

ఎనిమిదేళ్ళ పిల్లవాడు, మాట తెలియనప్పుడు కూడా, మూలానికి నాకంటె విధేయంగా ఉన్నాడు. నాకు సిగ్గేసింది. తెలిసి కూడా ఇన్నాళ్ళూ చెల్లెలిని ఎందుకు అడగలేదన్నాను.

అమ్మ వెంటనే జవాబు చెప్పలేదు. పొయ్యి గట్టు తుడుస్తూ, 1977 నవంబరు ఎత్తుకున్నది. ఆ ఉప్పెన దివిసీమలో వేలాది ప్రాణాలను బలిగొన్నది. అప్పటికి అమ్మకు ఇరవై రెండేళ్ళు, కొత్తగా కాపురానికి వచ్చింది. అవనిగడ్డ దాపున ఒక మేడ మీద నలభైమందితో పాటు ప్రాణం దక్కించుకున్నది. ఆ కథ నేను చిన్నప్పటినుంచీ విన్నదే. అందులో ఈ ముక్క మాత్రం ఎన్నడూ వినలేదు.

‘నాలుగో రోజున గంజి కేంద్రం పెట్టారు. మా అత్తగారు బావిలో నీళ్ళు ఇంకొకరు తోడితే ముట్టేది కాదు. ఆవిడ కూడా వరుసలో నిలబడింది. ఎవరు వండారో, ఏ కుండలో వండారో, అందులో ఏం కలిపారో ఎవరమూ అడగలేదు. దోసిలి పట్టాము, తాగాము. ఇంటికి వచ్చాక దాని గురించి మేమెవ్వరమూ ఎత్తలేదు, నలభై ఏళ్ళూ. ఆవిడ పోయేదాకా ఎత్తలేదు. నా కూతురు పరాయి దేశంలో, చుట్టూ సముద్రం పెట్టుకొని ఏం తింటున్నదో నేనెలా అడుగుతాను? అదే చెబుతుందేమోనని చూస్తున్నాను.’

ఇక్కడ ఆగి, గొంతు మార్చి, ‘అట్లాగని ఆ పెనం మాత్రం నా దోసెల పెనంతో కలపకండి. అది వేరు, ఇది వేరు’ అన్నది.

చెల్లెలు స్నానం చేసి వచ్చేసరికి ఆ డబ్బాల మాట అమ్మే ఎత్తింది. సబ్బుపొడి పక్కన తినే వస్తువు పెడతారటే, బుద్ధుందా అని కోప్పడింది. చెల్లెలు మొదట నిర్ఘాంతపోయి, తరువాత కూర్చొని ఏడ్చింది. ఆ ఏడుపు దేనికని నేను అడగలేదు. మాకు ముగ్గురికీ తెలుసు.

ఇదంతా భాష తెలియకుండానే చూస్తూ కూర్చున్న ఆంటీ లేచి, చేయి ఉప్పునీళ్ళలో తడుపుకొని, మిగిలిన అన్నంతో ఒక ఉండ చేయసాగింది. అచ్చు ముట్టలేదు. అరచేతుల మధ్య తిప్పుతూ మూడు మూలలు తేల్చింది. నడుమ గుంట చేసి ఎర్రటి పండు ఒకటి పెట్టి మూసింది. చుట్టూ నాచు కట్టి, అమ్మ ముందు పెట్టింది.

‘ఇందులో ఏముందో అడుగు’ అన్నది అమ్మ, నా కళ్ళలోకి చూస్తూ. ‘ఉన్నది ఉన్నట్టు చెప్పు.’

అడిగాను. అన్నం, ఉప్పు, ఉప్పులో ఊరబెట్టిన పండు, ఆ పండుకు రంగునిచ్చే ఒక ఎర్ర ఆకు, నాచు. ఇంకేమీ లేదా అని రెండోసారి అడిగాను. లేదన్నది. అక్షరం మార్చకుండా అమ్మకు చెప్పాను.

అమ్మ ఉండను చేతిలోకి తీసుకొని, నాచు వాసన చూసి, ఒక మూల కొరికింది. చాలాసేపు నమిలింది. ఆంటీ ఒళ్ళో చేతులు పెట్టుకొని ఆవిడ ముఖమే చూస్తున్నది.

‘ఉప్పు కాస్త ఎక్కువైంది’ అన్నది అమ్మ.

అది కూడా చెప్పాను.